ఇథనాల్ ధర ఖాయం... మొక్కజొన్న ధరకు పూచీ ఎవరు?

"మిరప చెయ్యి కాల్చింది. పత్తి అంతంతమాత్రం. ఈసారి మొక్కజొన్న వేద్దామనుకుంటున్నాం. పెట్రోలులో కలుపుతున్నారంట గదా, ఇక ధర పడేది ఉండదంట గదా!"

కారెంపూడి వైపు టీ బంకు దగ్గర ఒక కౌలు రైతు అడిగిన మాట ఇది. మాచర్ల, గురజాల, వినుకొండ ఎటు పోయినా ఇదే మాట వినపడుతోంది. విత్తనాల కొట్టు దగ్గర ఒకరు చెబితే పదిమంది నమ్ముతున్నారు. 2025లో మిరప ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాలుకు రూ.11,781 లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చిన సంగతి మీకు గుర్తే. అదే ఏడాది నల్ల బర్లీ పొగాకు కొనేవాళ్లు లేక, చివరికి మార్క్‌ఫెడ్‌ను రంగంలోకి దించాల్సి వచ్చింది. అటువంటి దెబ్బలు తిన్న రైతుకు "ధర పడదు" అనే మాట తియ్యగానే ఉంటుంది. అయితే ఆ మాటలో నిజం ఎంత, ఆశ ఎంత అనేది విత్తనం కొనకముందే లెక్క చూసుకోవాలి.

పెట్రోలులో మన పంట ఎట్లా చేరింది?

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తోంది. ఆ ఖర్చు కొంతైనా తగ్గించాలని పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003 జనవరిలో మొదలైంది. తొలి విడతలో తీసుకున్న తొమ్మిది రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో కలిపింది 5 శాతమే. అదీ చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి నుంచి తీసిన ఇథనాల్. చెరకు పండించే ప్రాంతాలకే తప్ప పల్నాడు మెట్టకు దానితో పనే లేకపోయింది.

2009 డిసెంబరులో వచ్చిన జాతీయ జీవ ఇంధనాల విధానం 2017 నాటికి 20 శాతం కలపాలని చెప్పింది. కానీ 2013-14లో వాస్తవంగా కలిసింది 1.53 శాతమే. పెట్రోలు కంపెనీలు ఇచ్చే ధర చాలక ఇథనాల్ దొరకలేదు.

2018లో విధానం మారింది. చెరకు రసం, మొక్కజొన్న, నూకలు, తినడానికి పనికిరాని ధాన్యం నుంచి కూడా ఇథనాల్ తీయవచ్చన్నారు. ఏ సరుకు నుంచి తీసిన ఇథనాల్‌కు ఎంత ధర అనేది ముందుగానే ప్రకటించడం మొదలుపెట్టారు. ఇథనాల్ మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఫ్యాక్టరీలు కట్టేవారికి బ్యాంకు వడ్డీలో రాయితీ ఇచ్చారు. దీంతో 2022 జూన్‌లో 10 శాతం, 2025లో 20 శాతం కలపడం సాధ్యమైంది. ఇవాళ మీరు మోటారు సైకిల్లో పోయించుకునే లీటరు పెట్రోలులో ఐదో వంతు ఇథనాలే.

అందులో మొక్కజొన్న వాటా మూడు నాలుగేళ్లలోనే బాగా పెరిగింది. 2023-24లో దేశంలో సరఫరా అయిన ఇథనాల్‌లో 40 శాతానికి పైగా మొక్కజొన్న నుంచే వచ్చింది. 2025-26కు పెట్రోలు కంపెనీలు ఇచ్చిన కేటాయింపుల్లో దాని వాటా దాదాపు 46 శాతం. మన కంకికి పెట్రోలు బంకుతో సంబంధం కలిసిన మాట వాస్తవం.

క్వింటాలు లెక్క

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుందని నీతి ఆయోగ్ నివేదిక చెబుతోంది. అంటే క్వింటాలుకు 38 లీటర్లు. 20 శాతం చొప్పున కలిపితే 190 లీటర్ల పెట్రోలుకు సరిపోతుంది.

మొక్కజొన్న ఇథనాల్‌కు పెట్రోలు కంపెనీలు ఇచ్చే ధరను 2024 జనవరిలో లీటరుకు రూ.71.86 చేశారు. 38 లీటర్లకు రూ.2,730 అవుతుంది. అదొక్కటే కాదు. ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి కోళ్లకు, పశువులకు దాణాగా అమ్ముతారు. దీన్నే వ్యాపారులు డీడీజీఎస్ అంటారు. క్వింటాలు గింజలకు సుమారు 30 కిలోలు వస్తుంది. కిలో 15 రూపాయలనుకుంటే రూ.450. మొత్తం మీద క్వింటాలు మొక్కజొన్న ఫ్యాక్టరీకి రూ.3,180 తెచ్చిపెడుతుంది.

ఇందులోంచి లారీ కిరాయి, బొగ్గు, ఎంజైములు, కూలీలు, బ్యాంకు వడ్డీ పోవాలి. ఫ్యాక్టరీ వారికీ ఖర్చులున్నాయి, కాదనం. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర రూ.2,400. ఆ ధరకు కొంటే ఖర్చులకు, లాభానికి కలిపి ఫ్యాక్టరీకి రూ.780 మిగులుతుంది. అదే సరుకు రూ.1,700కు దొరికితే రూ.1,480 మిగులుతుంది. ఇథనాల్ ధర రెండు చోట్లా ఒకటే. తగ్గిన ఏడు వందలూ రైతు జేబులోంచి పోయినవే.

ఇంకొక లెక్క చూడండి. 2020-21లో మొక్కజొన్న ఇథనాల్ ధర లీటరుకు రూ.51.55. అక్కడి నుంచి రూ.71.86కు వచ్చింది. క్వింటాలు మీద చూస్తే ఫ్యాక్టరీకి సుమారు రూ.770 పెరిగింది. అదే కాలంలో మద్దతు ధర రూ.1,850 నుంచి రూ.2,400కు, అంటే రూ.550 పెరిగింది. ఫ్యాక్టరీకి పెరిగింది చేతికి వస్తుంది, ఎందుకంటే కొనేది ప్రభుత్వ రంగ కంపెనీలు. రైతుకు పెరిగింది కాగితం మీద ఉంటుంది. కొనుగోలు కేంద్రం తెరిస్తేనే చేతికి వస్తుంది.

అసలు విషయం ఇదే. ఇథనాల్‌కు ధర ఖాయం. మొక్కజొన్నకు కాదు. ప్రభుత్వం ఇచ్చిన పూచీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతోంది.

ఒక ఏడు పైకి, ఒక ఏడు కిందికి

ఈ విధానం వల్ల రైతుకు మేలే జరగలేదంటే అది అబద్ధం. 2024లో ఇథనాల్ ఫ్యాక్టరీలు, కోళ్ల దాణా మిల్లులు పోటీ పడి కొనడంతో చాలా మార్కెట్లలో మొక్కజొన్న మద్దతు ధరకు పైనే పలికింది. ఎప్పుడూ ఎగుమతి చేసే మన దేశం ఆ ఏడాది బయటి నుంచి మొక్కజొన్న తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ ధర చూసి 2025 ఖరీఫ్‌లో దేశమంతా విస్తీర్ణం పెంచారు. పంట ఒక్కసారి మార్కెట్ల మీద పడింది. పక్క రాష్ట్రం కర్ణాటకలో నవంబరు నాటికి క్వింటాలు రూ.1,600-1,800కు దిగింది. గదగ్, హావేరి జిల్లాల్లో రైతులు రోడ్డెక్కారు. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రధానికి లేఖ రాశారు.

మరి ఇథనాల్ ఫ్యాక్టరీలు ఏం చేసినట్టు? 2025-26కు అవి 1,776 కోట్ల లీటర్లు ఇస్తామని ముందుకొచ్చాయి. పెట్రోలు కంపెనీలు తీసుకుంటామన్నది 1,048 కోట్ల లీటర్లు. పెట్రోలులో 20 శాతం దాటి కలపడం లేదు కనుక అవసరం అంతకు మించి లేదు. ఫ్యాక్టరీలు ఎక్కువయ్యాయి, ఆర్డర్లు తగ్గాయి.

దీనికి తోడు బియ్యం పోటీ. భారత ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యాన్ని ఇథనాల్‌కు ఇవ్వడం 2023 జూలైలో ఆపేశారు. అప్పుడే ఫ్యాక్టరీలు మొక్కజొన్న వైపు మళ్లాయి, మనకు ధర వచ్చింది. 2024 ఆగస్టులో మళ్లీ ఇస్తామన్నారు. 2025 జనవరిలో ఆ బియ్యం ధరను క్వింటాలుకు రూ.2,250కు తగ్గించారు. క్వింటాలు బియ్యం నుంచి సుమారు 45 లీటర్లు వస్తుంది. బియ్యం ఇథనాల్‌కు లీటరు ధర తక్కువే అయినా, మద్దతు ధరకు మొక్కజొన్న కొనడం కన్నా రూ.2,250కు బియ్యం తీసుకోవడం ఫ్యాక్టరీకి లాభసాటి. ఢిల్లీలో తీసుకున్న ఒక్క నిర్ణయం మన కళ్లంలో ధరను ఎట్లా కదిలిస్తుందో చూశారు గదా.

పిప్పి సంగతీ అంతే. డీడీజీఎస్ మార్కెట్లో ఎక్కువై సోయా చెక్క ధరను కూడా కిందికి లాగింది. దాణా ధర పడితే ఫ్యాక్టరీ ఆ లోటును గింజ ధరలోనే సర్దుకుంటుంది.

సాగర్ కుడి కాలువ కింద ఆరుతడిగా రబీ మొక్కజొన్న వేసి ఎకరాకు 30 క్వింటాళ్లు తీసే రైతులు మనలో ఉన్నారు. క్వింటాలుకు రూ.600 తేడా వస్తే ఎకరాకు 18 వేల రూపాయలు. సొంత భూమి రైతుకు అది కష్టానికి ఫలం దక్కకపోవడం. కౌలు ముందే కట్టిన రైతుకు అది అప్పు.

కానుగ, అడవి ఆముదం నేర్పిన పాఠం

జీవ ఇంధనం మాట మనకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట, 2005 ప్రాంతంలో, బస్సులు, లారీలు నడిపే బయోడీజిల్ కోసమని మెట్ట జిల్లాల్లో జట్రోఫా, అంటే అడవి ఆముదం నాటించే కార్యక్రమం నడిచింది. రాష్ట్రంలో దీనికి వర్షాభావ ప్రాంతాల అభివృద్ధి శాఖ పెద్దదిక్కు. బీడు భూమిలో నీళ్లు లేకుండా పండుతుంది, పశువు ముట్టదు, గింజ మేమే కొంటాం అన్నారు. నేను అప్పుడు కొత్తగా విలేకరిగా చేరాను. వెల్దుర్తి వైపు ఒక రైతు ఏజెంటు మాట విని ఎకరంలో మొక్కలు నాటితే, ఆ తోటను ఫొటో తీసి ఇదే పేజీకి వార్త పంపాను.

మూడేళ్ల తర్వాత మళ్లీ పోయాను. మొక్క బతికింది. కాపు లేదు. నీళ్లు లేనిచోట మొక్క బతకడం వేరు, కాయడం వేరు. వచ్చిన నాలుగు కిలోల గింజలు కొనే నాథుడు లేడు. ఏజెంటు అడ్రసు లేడు. చివరికి ఆ రైతు మొదళ్లు పీకించి కంది వేశాడు. "రాసినప్పుడు వచ్చావు, పీకించేటప్పుడు రాలేదే" అన్నాడు నాతో. ఆ మాట నేను మరిచిపోలేదు.

తర్వాత కానుగ మంచిదన్నారు. కానుగ మనకు తెలిసిన చెట్టే. ఆకు పొలానికి పచ్చిరొట్ట, చెక్క ఎరువు, నూనె దీపానికి. కానీ నాటాక కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పైనే పడుతుంది. అన్నాళ్లు చిన్న రైతు ఏం తినాలి?

అదే కానుగతో మేలు పొందిన ఊరు కూడా ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గిరిజన గూడెంలో మహిళా సంఘాలు ఊళ్లోనే నూనె మిల్లు నడుపుకున్నాయి. డీజిల్ బదులు కానుగ నూనె వాడినందుకు తగ్గే 147 టన్నుల కాలుష్యానికి లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ అక్కడ కాయ ఏరింది వాళ్లే, మిల్లు వాళ్లదే, నూనె వాళ్లదే. వెల్దుర్తి రైతుకు లేనిది అదే. కొనేవాడు దగ్గర్లో లేని పంట ఎంత గొప్పదైనా రైతుకు బరువే.

గడ్డి కంపెనీలు, ఫ్యాక్టరీ కబుర్లు

ఇప్పుడు కొత్తగా వాహనాల గ్యాసు మాట వినిపిస్తోంది. అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి నియోజకవర్గం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్ 2న రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. నేపియర్ గడ్డిని ముడిసరుకుగా వాడతారు. నగరాల్లో అమ్మే గ్యాసులో 2025-26లో 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం ఇటువంటి గ్యాసు కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది కనుక ఈ ప్లాంట్లు ఇంకా వస్తాయి. మన వినుకొండ, బొల్లాపల్లి బీడు భూముల మీదా వాళ్ల కన్ను పడవచ్చు. కౌలుకు ఇచ్చేవారు ఎన్నేళ్లకు, ఏటా ఎంత పెంచుతారు, గడువు తీరాక భూమి ఏ స్థితిలో అప్పగిస్తారు అనేది రిజిస్టరు కాగితం మీద రాయించుకోవాలి.

ఇథనాల్ ఫ్యాక్టరీ దగ్గర్లో వస్తే లారీ కిరాయి కలిసొస్తుంది. కానీ నీటి సంగతి, వాసన సంగతి ముందే అడగాలి. తెలంగాణలో నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు వీటి మీదే ఆందోళనకు దిగారు. దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో పనులు నిలిపేయాల్సి వచ్చింది. ఇక "ఫలానాచోట ఫ్యాక్టరీ వస్తోందంట" అనే కబురు విని పంట వేస్తే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

మరి మొక్కజొన్న వేయవద్దా?

వేయండి. నీటి వసతి ఉండి, నేల అనువైనదైతే మంచి పంటే. మిరప కన్నా పెట్టుబడి చాలా తక్కువ. ఇథనాల్ లేకపోయినా కోళ్ల దాణాకు కావాల్సిన పంట. కానీ పెట్రోలు ధైర్యంతో ఉన్న భూమంతా దానికే పెట్టవద్దు. వేసేవారు ఈ కింది విషయాలు గుర్తుంచుకోవాలి.

* విత్తిన వెంటనే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు చేయించుకోండి. నమోదు లేకపోతే ప్రభుత్వ కొనుగోలుకు దారి మూసుకుపోతుంది. నమోదైన సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకోండి.

* కౌలు రైతులు సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు తీసుకోవాలి. ఇది పదకొండు నెలలకే చెల్లుతుంది. దీనివల్ల భూమి హక్కు మారదని యజమానికి నచ్చజెప్పి సంతకం పెట్టించుకోండి. కార్డు లేక, పంట యజమాని పేరున నమోదై, డబ్బులు ఆయన ఖాతాలో పడి తిరుగుతున్న కౌలు రైతులు మన చుట్టూ ఉన్నారు.

* ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఇవ్వడానికి మద్దతు ధరకు మొక్కజొన్న కొనే బాధ్యతను 2024లో కేంద్రం నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థలకు అప్పగించింది. నాఫెడ్‌కు ఈ-సమృద్ధి, ఎన్‌సీసీఎఫ్‌కు ఈ-సంయుక్తి పేరుతో రైతు నమోదు ఏర్పాటు ఉంది. ఆధార్, బ్యాంకు పుస్తకం, భూమి వివరాలతో ముందుగానే పేరు నమోదుకు ప్రయత్నించండి. మీ మండలంలో కేంద్రం ఎప్పుడు తెరుస్తారని వ్యవసాయాధికారిని ఇప్పుడే అడగండి.

* మద్దతు ధరకు తేమ 14 శాతం మించకూడదు. పచ్చి మీద వలిచి అమ్మితే వ్యాపారి ధర కోస్తాడు. కంకులు ఎండాక కోసి, వలిచి, గింజలు టార్పాలిన్ మీద ఆరబోయండి. తేమ చూపించుకున్నాకే కాటాకు తేండి.

* 2018 నుంచి పీడిస్తున్న కత్తెర పురుగును మొదటి నెలలోనే కనిపెట్టాలి. ఆకు సుడిలో పొట్టు లాంటి రెట్ట కనపడితే ఆలస్యం చేయవద్దు.

* కొంత భూమిలో కంది, మినుము వంటివి ఉంచుకోండి. కంది, మినుము, మసూరు పప్పులను నమోదైన రైతుల దగ్గర తెచ్చినంతా నాలుగేళ్ల పాటు కొంటామని 2025 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. కందికి 2025-26 మద్దతు ధర రూ.8,000.

* ఏ కంపెనీ మనిషి వచ్చి "మేమే కొంటాం" అన్నా ధర, తేమ, తూకం, డబ్బు ఇచ్చే గడువు రాసి ఇవ్వమనండి. ఒక్కొక్కరుగా కాకుండా ఊళ్లో పదిమంది కలిసి, రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే దాని తరఫున మాట్లాడండి. ఒక బండి సరుకున్న రైతు మాట కన్నా పది లారీల సరుకున్న సంఘం మాట ఎవరైనా వింటారు.

అడగాల్సిన మాట

ప్రభుత్వం ఇథనాల్ కొనేటప్పుడు ఫ్యాక్టరీకి లీటరుకు ఇంత అని ఖరారు చేస్తోంది. ఆ ఇథనాల్‌కు వాడిన గింజలను రైతు దగ్గర మద్దతు ధరకు కొన్నట్టు రసీదు చూపిస్తేనే ఆ ధర ఇస్తామని ఒక్క షరతు పెడితే, ఆ పూచీ ఫ్యాక్టరీ గేటు దాటి మన కళ్లం దాకా వస్తుంది. ఇది రాయితీ అడగడం కాదు. ఉన్న రాయితీలో రైతు వాటా అడగడం.

గ్రామసభకు అధికారులు వచ్చినప్పుడు, ఓట్లకు నాయకులు వచ్చినప్పుడు ఈ మాట అడగండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. టీ బంకు దగ్గర అడిగిన ఆ కౌలు రైతుకూ ఇదే చెప్పాను. ఆయన లెక్క విని, మూడెకరాల్లో మొక్కజొన్న రెండెకరాలకు తగ్గించి, ఒక ఎకరంలో మినుము వేస్తానన్నాడు. ముందు కార్డు మీద యజమాని సంతకం పెట్టించుకు రమ్మన్నాను. ఈసారి పంట కోసేటప్పుడు కూడా పోయి చూసి, ఆయనకు ఏ ధర పలికిందో మీకు రాస్తాను.